గూళ్లబావి కాడ నీళ్లవేళ

కోన దారి మొదట్లో గూళ్లబావి ఉండాది గదా, ఆ పాత దిగుడుబావి, చుట్టూ కంపచెట్లు కమ్ముకొని బయటికి కనపడకుండా పోయిందే, దాని పక్కకు మన ఊరి గొర్రెల కాపర్లు కూడా మంద తోలరు. ఎందుకు తోలరని మీరెవురన్నా ఎప్పుడన్నా అడిగినారా? గడ్డి లేకనా? మోకాటెత్తు గడ్డి ఉంటాది ఆడ. నీళ్లు లేకనా? ఎంత కరువొచ్చినా అడుగున ఇంత తడి ఉంటానే ఉంటాది. అయినా ఎవురూ పోరు. చీకట్లో పోరనుకునేరు, చీకట్లో ఏం భయం లేదు ఆడ. మిట్టమద్దేనం పోరు.

ఇప్పుడెందుకు చెప్తాండానంటే, ఈ ఓబులేసు లేడూ, ఈడే కూచున్నాడు, తల దించుకుంటాడేంది, నిన్న నా కాడికొచ్చి, అవ్వా, మీ ఇంటోళ్లంతా వేటగాళ్లే గదా, దుప్పిని కొట్టేదానికి ఏ వేళ మంచిది అని అడిగినాడు. ముందు వాళ్లమ్మకు చెప్పాల ఈ సంగతి. ఇంట్లో దుప్పి తోలు దొరికినా ఫారెస్టోళ్లు లోపలేస్తారు నాయనా, నీకు ఆ వేళా ఈ వేళా అని ఏముంది, నీకు మంచి వేళే లేదు. అయినా అడిగినావు గాబట్టి చెప్తా. కరెంటు ఎట్లాగూ పోయింది, టీవీలు లేవు, ఇంకేం చేస్తారు మీరు, కూచోండి. ఒసే పిల్లా, ఆ కుక్కను అవతలికి తోలు, కాళ్ల కింద పడతాది.

ఇది మా అత్త పుట్టినప్పటి మాట. మా అత్తకు వాళ్ల అవ్వ చెప్పింది, అత్త నాకు చెప్పింది, నేను మీకు చెప్తాండా, మధ్యలో నేనేమీ కలపలేదు. అప్పుడు మన పడమటి వీధంతా వేటగాళ్ల ఇండ్లే. అడివి మీద ఇంత కట్టడి లేదు ఆ కాలంలో, ఎవుని తుపాకి వాని ఇంట్లో వాసానికి వేలాడతా ఉండేది, నాటు తుపాకులు, మందు కూరి, గుడ్డ దట్టించి, రవ్వలు పోసి కాల్చేటివి. సాయంత్రమైతే మొగోళ్లంతా అరుగుల మీద చేరేది, ఇక ఒకటే పంచాయితీ, ఏ వేళ మంచిది అని.

తెల్లారుజాము మంచిదనేటోళ్లు ఒక గుంపు. రాత్రంతా మేసి కడుపు నిండి దుప్పులు కొండకు తిరుక్కుంటాయి, ఆకు మీద మంచు ఉంటాది, కాలు పెడితే చప్పుడు కాదు, ఆ వేళ గాలి కొండ మీంచి పల్లానికి దిగతాది, నువ్వు కింద నుంచి ఎక్కితే నీ వాసన వాటికి తగలదు అని వాళ్ల మాట. పొద్దుగుంకే వేళ మంచిదనేటోళ్లు ఇంకో గుంపు. ఎండకు కాగిన గాలి పైకి లేస్తా ఉంటాది గాబట్టి ముందే పోయి మీద కూచోవాల, పొదల్లోంచి ముందు ముసలి దుప్పి ఒకటి వచ్చి చెవులు రిక్కించి చూస్తాది, దాన్ని పోనిచ్చి వెనక వచ్చేదాన్ని కొట్టాల అని వాళ్లు. గొంతులు పోయేట్టు అరుచుకునేటోళ్లంట. పొయ్యి మీద ఉడికేదానికి ఇంట్లో ఏమీ లేకపోయినా ఈ వాదనకు మాత్రం తక్కువ లేదు. ఆడోళ్లు నీళ్ల కడవలెత్తుకొని ఆ పక్క పోతా నవ్వుకునేటోళ్లంట, దుప్పులకు తెలిస్తే అవి కూడా వచ్చి అరుగు మీద కూచుంటాయి అని.

ఎంత అరుచుకున్నా ఒక్క సంగతిలో మాత్రం అందరిదీ ఒకే మాట. ఎండాకాలం నీళ్లవేళ కొట్టకూడదు. నీళ్లవేళ అంటే ఏంది? ఎండాకాలం కోనలో మడుగులన్నీ ఎండిపోతాయి, ఒక్క గూళ్లబావిలోనే నీళ్లుంటాయి. తెల్లారి, పొద్దుగుంకి చిరుతపులి తిరుగుతాది, మనుషులు తిరుగుతారు, అందుకని దుప్పులు ఎవురూ కదలని మిట్టమద్దేనం వచ్చేటివి. వచ్చి, మెట్లు దిగి, అచ్చం మనుషుల మాదిరి ఒకదాని వెనక ఒకటి దిగి తాగి పోయేటివంట. ఆ బావిలో గాలి ఆడదు. నీ వాసన వాటికి తెలీదు. పారిపోదామంటే మెట్లు తప్ప దారి లేదు. గోడల్లో మనిషి పట్టేంత గూళ్లుండాయి, అందులో కూచుంటే కంటికి కనపడవు. తొట్టెలో చేపను పట్టినట్టే. అంత సులువు గాబట్టే కొట్టకూడదన్నారు పెద్దోళ్లు. దూపతో, దప్పిక తీరకుండా పోయిన పానం ఊరికే పోదు, నీళ్లు అడుగుతా తిరుగుతాది అని వాళ్ల నమ్మకం.

అందుకే ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఏ వేళ కొట్టినా, యాడ కొట్టినా, పడిపోయిన దుప్పి కాడికి పోయి, కత్తి తియ్యకముందే, నడుముకున్న సొరబుర్రలోంచి దాని నోట్లో ఇన్ని నీళ్లు పొయ్యాల. తాగి పో తల్లీ అనాల. మనిషి పోయేటప్పుడు గొంతులో నీళ్లు పోస్తాం గదా, అట్లే. అది అయినాకనే కోసేది. బుర్రలో నీళ్లు లేకుండా వేటకు పోయేటోన్ని ఆ వీధిలో మనిషి కింద లెక్కేసేటోళ్లు కాదు.

ఆ వీధిలోనే మద్దిలేటి అని ఒకడుండె. గురి మంచిదే, మనిషీ మంచోడే, అయితే ప్రతిదానికీ లెక్క తీస్తాడు. ఇట్ల చేస్తే సరిపోదా, అట్ల చేసినా అదే గదా అంటాడు. అట్లాంటోళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, నేను పేర్లు చెప్పను. వాని పెండ్లాం సవారమ్మ, సొంత అక్క కూతురే. తల్లి పోతే ఆ పిల్లను మద్దిలేటి వాళ్లమ్మ పుల్లమ్మే పెంచింది, పెంచి కొడుకుకే చేసుకుంది. అంటే పుల్లమ్మ సవారమ్మకు అత్తా, అవ్వా, అమ్మా అన్నీ. మొగుణ్ని మామా అనే పిలిచేది చిన్నప్పటి నుంచి. వాడు దాన్ని సవారీ అనేటోడు. దాని మీద వానికెంత ప్రేమంటే, పేలాలు వేయించినా మొదటి గుప్పెడు దానికే.

వాళ్లకు పుట్టిన బిడ్డలు పురిట్లోనే పోయేటోళ్లు. మొదటి కాన్పు పోయింది, రెండోదీ పోయింది. మూడోతూరి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే మా అత్త. పుట్టింది సరే, తల్లికి పాలు పడలేదు. ఆ యేడు ఎట్లాంటి యేడు? ముందటి యేడు వాన లేదు, ఆ యేడూ లేదు, కొర్రలు లేవు, జొన్నలు లేవు, చింతాకు ఉడకబెట్టుకొని తిన్నారంట జనం. మేకలే ఒట్టిపోయినాయి, మనిషికి పాలెట్ల పడతాయి? బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు రాకుండా పోయింది. మంత్రసాని వచ్చి చూసి, వేట కూర యాడన్నా దొరికితే తొడెముకలు ఉడకబెట్టి రసం తాపండి, పాలు పడతాయి, లేకుంటే ఇదీ దక్కదు అని చెప్పి పోయింది. సవారమ్మ మొగుని ముఖం చూసిందంట అంతే.

మద్దిలేటి తెల్లారుజామున పోయినాడు. కొండ కింద నుంచి ఎక్కినాడు, ఏమీ లేవు. పొద్దుగుంకే వేళ పోయినాడు, మీద కూచున్నాడు, ఏమీ రాలేదు. మళ్లా తెల్లారి పోయినాడు. మేత లేని అడివిలో పొద్దున్నే, సాయంత్రం మేసేదానికి అవెందుకు వస్తాయి? లోపలి కోనల్లోకి పోయినాయి అన్నీ. ఇంటికొస్తే బిడ్డ ఏడుపు కూడా లేదు, ఊరికే నోరు తెరిచి మూస్తాంది. అది చూసినాక ఏ తండ్రికైనా పద్ధతులు గుర్తుంటాయా? నేనైతే వాన్ని తప్పుపట్టను. ఇంతమట్టుకు తప్పుపట్టను.

అడివిలో నీళ్లు ఒక్కచోటే ఉండాయి, అవి ఎప్పుడో ఒకప్పుడు ఆడికి రావాల, ఆ వేళ ఏదో అందరికీ తెలుసు. ఎవురికీ చెప్పకుండా పొద్దెక్కకముందే పోయి గూళ్లబావిలో దిగినాడు. కింది మెట్టుకు ఎదురుగా గోడలో ఒక గూడు ఉండాది, అందులో ముడుచుకొని కూచున్నాడు. రాయి పెనం మాదిరి కాలుతాంది. గాలి లేదు. కూచున్నోడు కూచున్నట్టే బుర్రలో నీళ్లు గుక్క గుక్క తాగతా వచ్చి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బుర్ర ఖాళీ చేసినాడు. ఎదురుగానే బావిలో నీళ్లుండాయి, దిగి నింపుకోవచ్చు, కానీ కదిలితే చప్పుడైతాదని కదల్లేదు.

అప్పుడొచ్చింది. మంద లేదు, ఒక్కటే, ఆడదుప్పి. మెట్టు మెట్టుకూ ఆగి చూస్తా దిగింది. ప్రక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, నాలుక బయటికి వేలాడతాంది. కింది మెట్టు మీద ముందుకాళ్లు మడిచి మెడ చాపింది. తాగి తల ఎత్తినాక కొడదాం, తాగనిస్తే తప్పు లేదు గదా అనుకున్నాడంట. అనుకున్నోడు అనుకున్నట్టు ఆగొచ్చు గదా? తల ఎత్తితే నన్ను చూస్తాదేమో, చూస్తే దుముకుతాదేమో, పోతే నా బిడ్డ పోతాదేమో అని, దాని మూతి నీళ్లకు ఇంత ఎడంలో ఉండంగానే కాల్చినాడు. తాగలేదు అది. తాగబోయింది.

కాలిస్తే అది ముందుకు వాలి, తల నీళ్లలో పడింది. వీడు గూట్లోంచి దిగి వచ్చి బుర్ర ఒంచి చూసుకున్నాడు, చుక్క లేదు. ఇంకోడైతే ఏం చేస్తాడు? బావిలో బుర్ర ముంచి పోస్తాడు. కానీ మద్దిలేటి లెక్కలోడు గదా. నీళ్లల్లో దీని నెత్తురు కలిసింది, దాని నెత్తురు దానికే ఎట్ల పొయ్యాల అనుకున్నాడు. అయినా దాని నోరు నీళ్లల్లోనే ఉండాది, నోట్లోకి నీళ్లు పోతానే ఉండాయి, ఇంక నేను పోసేదేంది, పోసినా అదే గదా అనుకున్నాడు. చేత్తో పోసేదీ, దానంతట అది పోయేదీ ఒకటేనా? ఆ మాట ఆ వీధిలో పసిపిల్లోన్నడిగినా చెప్తాడు. తాగి పో తల్లీ అనే మాట కూడా అనలేదు. భుజానికెత్తుకొని పైకొచ్చి, కంపచెట్ల మరుగున కోస్తాంటే తెలిసింది, పొదుగు నిండా పాలుండాయి. యాడనో పిల్ల ఉండాది దానికి. ముఖం పక్కకు తిప్పుకొని కోసినాడంట. నాకు మా అత్త ఇది చెప్పేటప్పుడల్లా, ఈడ ఆగి కొంగుతో ముక్కు తుడుచుకునేది. ఆ పాలతోనే గదా ఆమె బతికింది ఒకరకంగా.

ఇంటికి తెచ్చినాడు. ఎప్పుడు దొరికింది అంటే తెల్లారి దొరికిందని తల్లికి అబద్ధం చెప్పినాడు. పుల్లమ్మ ఎముకలు ఉడకబెట్టి, మిరియాలు దంచి వేసి, రసం తాపింది. రెండు పూటలు తాగేసరికి సవారమ్మకు పాలు పడినాయి, రైక తడిసి కిందికి కారేటన్ని. బిడ్డ తాగి తాగి తాగతానే నిద్రపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో పండగ. మద్దిలేటి ఉయ్యాల కాడ కూచొని బిడ్డ కాలివేళ్లు పట్టుకొని నవ్వతా ఉన్నాడంట. ఆ నవ్వే వానికి ఆఖరు.

తర్వాత సవారమ్మకు దూప మొదలయింది. మొదట నోరెండుతాంది అవ్వా అనింది. మీకు తెలుసు గదా, బాలింతకు నీళ్లియ్యరు. ఇప్పుడంటే ఆస్పత్రిలో సీసాలు సీసాలు తాపుతారు గానీ, అప్పుడు బాలింత చల్లనీళ్లు తాగితే సంధి కొట్టి చచ్చిపోతాదని నమ్మకం. పొద్దుకొక తూరి, మాపుకొక తూరి, కాచిన నీళ్లల్లో పిప్పళ్లు వేసి గ్లాసు అడుగున ఇన్ని పోసేటోళ్లు, అంతే. ఆ మాట ఎవురు పుట్టించినారో గానీ వాళ్ల నోట్లో మన్ను పడ. పుల్లమ్మ అందరాడోళ్ల మాదిరే, బాలింతలకు నోరు ఎండడం మామూలే, ఓర్చుకో తల్లీ అనింది. సవారమ్మ ఓర్చుకుంది. మరుసటి రోజు ఓర్చుకోలేదు. తెల్లారి బాగుంటాది, పొద్దుగుంకినాక బాగుంటాది, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మనిషి మనిషి గాదు. నులకమంచం పట్టె కొరుకుతాది. మెడ అటూ ఇటూ చాపుతాది. అవ్వా, ఒక్క గుక్క, మామా, ఒక్క గుక్క అని.

ఒకనాడు పుల్లమ్మ పెరట్లోకి పోయొచ్చే లోపల లేచి పోయింది. తలకు గుడ్డ కట్టుకున్న బాలింత, ఎండలో, కాళ్లకు చెప్పులు లేకుండా, నేరుగా కోన దారి పట్టింది. ఆమె ఆ దారి ఎప్పుడూ పోయిందే లేదు. గూళ్లబావి ఇంత దూరం ఉందనంగా పుల్లమ్మ ఉరికి పట్టుకొని, బతిమాలి, కొట్టి, ఏడ్చి తెచ్చింది. ఇంటికి తెచ్చి కొడుకును నిలదీసింది, నువ్వేమన్నా చేసినావా అని. తల్లికి చెప్పలేక కంబగిరి కాడికి పోయినాడు.

కంబగిరి అంటే ఆ వీధిలో అందరికన్నా పెద్ద వేటగాడు. కండ్లు పోయినాయి అప్పటికి, అరుగు మీదనే ఉండేటోడు. మద్దిలేటి జరిగిందంతా చెప్పినాడు. అంతా ఇని ముసిలాయన ఒకటే అడిగినాడు, నీ చేత్తో పోసినావా అని. దాని నోరు నీళ్లలోనే ఉన్నింది తాతా అన్నాడు మద్దిలేటి. నేనడిగింది అది గాదు అన్నాడు కంబగిరి. వీడు ముసిలాయన కాళ్లు పట్టుకున్నాడు. నా సవారి దక్కితే చాలు, ఏం చెయ్యమంటే అది చేస్తా అన్నాడు.

అప్పుడు కంబగిరి చెప్పినాడంట, రేపు అదే వేళకు పో. తుపాకి ఎత్తుకోగాకు. బుర్రనిండా మంచినీళ్లు నింపుకొని పో. అది పడిన మెట్టు మీద కూచో. వస్తాది. ఏదొస్తే దాని నోట్లో పొయ్యి, తాగి పో తల్లీ అను. అది ఏ రూపంలో వస్తాదో నాకు తెలీదు, నువ్వు ఎవురు, ఏందని విచారించాకు, పొయ్యి, అంతే. మద్దిలేటికి ఈడ గూడ లెక్కే. దెయ్యానికి నీడ ఉండదంట గదా తాతా, నీడ చూసి గుర్తుపట్టనా అన్నాడు. ముసిలాయన నవ్వినాడంట. మిట్టమద్దేనం నీకుంటాదేందిరా నీడ అన్నాడు.

మరునాడు మద్దిలేటి బుర్ర నింపుకున్నాడు. పోతా పోతా తల్లికి చెప్పినాడు, అమ్మా, ఈ రోజు మాత్రం ఎట్లాంటి పరిస్థితుల్లోనూ దాన్ని బయటికి పోనియ్యాకు అని. పుల్లమ్మ తలుపుకు గడియ పెట్టి, గడపకు అడ్డం కూచుంది. లోపల మంచం మీద సవారమ్మ, పక్కలో బిడ్డ, గాలి సోకకుండా తలాపున కొడవలి. వాడు పోయినాడు. మెట్లు దిగి, కింది మెట్టు మీద కూచున్నాడు. నీళ్లు ఇంకా కిందికి పోయి, అడుగున ఇన్ని పచ్చగా మెరుస్తాండాయి. పొద్దు నడినెత్తికొచ్చింది. బావిలో ఏ రాయికీ నీడ లేదు, వానికీ లేదు. వాడు దుప్పి కోసం పైకి చూస్తా కూచున్నాడు.

మెట్ల మీద సవారమ్మ కనిపించింది. తలకు గుడ్డ, నలిగిన చీర, పాలతో తడిసిన రైక. గోడ పట్టుకొని మెట్టు మెట్టుకూ ఆగి దిగతాంది. అయ్యో, అమ్మ కునుకు తీసినట్టుంది, మళ్లా తప్పించుకొని వచ్చింది అనుకున్నాడు. నిన్న కూడా ఈ దారే పట్టింది గదా, ఇంకెట్ల అనుకుంటాడు? వచ్చి వాని ముందర నిలబడి, మామా, దూపయితాంది, ఒక్క గుక్క పొయ్యి అనింది. అచ్చం అదే గొంతు.

కంబగిరి చెప్పింది గుర్తుకు రాలేదా అంటారు మీరు. వచ్చిందంట. గుర్తుకొచ్చి, ఆ తడిసిన రైక చూసి, దెయ్యానికి పాలెట్ల వస్తాయి, ఇది నా సవారే అని లెక్కేసుకున్నాడు. పొదుగు నిండా పాలున్నదాన్ని వాడే కదా కోసింది! అది తోచలేదు ఆ వేళకు. పోస్తే ఏమైతాది, చల్లనీళ్లు, బాలింత, సంధి కొడతాది, నా చేతులతో నేనే చంపుకున్నట్టయితాది అనే భయం ఒక్కటే ఉన్నింది వానికి. సవారీ, నీకెవురు తలుపు తీసినారు, ఎండలో ఎందుకొచ్చినావు, ఇంటికి పో తల్లీ, ఈ నీళ్లు నీకు గాదు, దానికి, దానికి పోస్తేనే నువ్వు బతికేది అని బతిమాలినాడు. ఆమె మెడ చాపింది. ఒక్క గుక్క మామా అని మళ్లా అడిగింది. వాడు బుర్ర తీసి వీపు వెనక దాచుకున్నాడు. చేతులు జోడించి అడిగిందంట. అప్పుడు గసిరినాడు. కొట్టేట్టు చెయ్యెత్తినాడు. పో అన్నాడు.

ఆమె వాన్ని చూసింది. చూసి, తిరుక్కొని, వచ్చినట్టే మెట్టు మెట్టుకూ ఆగతా పైకి పోయింది. కొందరు చెప్తారు, మెట్ల మీద దుమ్ములో గిట్టల గుర్తులు పడినాయని. మా అత్త ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. గుర్తులతో పనేముంది దానికి?

వాడు కూచునే ఉన్నాడు, దుప్పి వస్తాదని. రాలేదు. ఎంతసేపటికో వాని కాలి పక్కన సన్నగా నీడ పడింది. వేళ దాటిపోయింది. సరే, రేపు మళ్లా వస్తానని లేచి, ముందు సవారి ఇల్లు చేరిందో లేదో అని గాబరాగా ఉరికినాడు. దారిలో యాడా కనపడలేదు. ఇంటికొస్తే తల్లి గడపకు అడ్డం కూచునే ఉంది, గడియ పెట్టినట్టే ఉంది. దాన్నెందుకు పంపించినావమ్మా అని అరిచినాడు. ఎవుర్నిరా పంపించింది, నేను ఈన్నుంచి లేస్తే గదా అనింది పుల్లమ్మ. పొద్దు మీదికొచ్చినదాకా నీళ్లు నీళ్లని ఒకటే అరుపు. మామ వచ్చి నీళ్లిస్తాడులే పడుకో అన్నా. మద్దేనం దాటినాక అరుపు ఆగింది, నిద్ర పట్టింది పాపం, లేపాకు అనింది.

గడియ తీసినారు. సవారమ్మ మంచం మీద పడుకొని ఉంది. పెదాలు పగిలి, నాలుక బయటికొచ్చి, బెరడు మాదిరి ఎండిపోయి ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది, బిడ్డ పాలు తాగతానే ఉంది. మద్దిలేటి ఆమె తల ఒళ్లో పెట్టుకొని, నడుముకున్న బుర్ర తీసి, మూత ఊడబీకి, నోట్లో పోసినాడు. తాగు సవారీ, తాగు తల్లీ, అన్నీ తాగు అని బుర్రంతా ఒంచినాడు. పోసిన నీళ్లు పోసినట్టే పక్కకు కారిపోయినాయి.

తెలిసి పొయ్యకపోతే వాన్ని తిట్టొచ్చు, తల్లినీ తిట్టొచ్చు. వాళ్లిద్దరూ ప్రేమ కొద్దీ ఇయ్యలేదు. పుల్లమ్మ ఆ తర్వాత ఎవురేం చెప్పినా ఇనకుండా మనవరాలికి అడిగినా అడక్కున్నా నీళ్లు తాపుతా పెంచింది. మద్దిలేటి మళ్లా తుపాకి ముట్టలేదు. రోజూ పొద్దెక్కుతానే బుర్ర నింపుకొని గూళ్లబావికి పోయేటోడు, ఆ మెట్టు మీద కూచునేటోడు, పొద్దు వాలినాక వచ్చేటోడు. ఇంక ఏదీ రాలేదు. ఒక్కతూరే వస్తాది గదా అడిగేది. ఒక ఎండాకాలం పోయినోడు పోయినట్టే రాలేదు. బావిలో వెతికినారు, కోనలో వెతికినారు, ఎముక కూడా దొరకలేదు.

ఆ తర్వాత చానా రోజులకు పక్కూరి గొర్రెల కాపరి ఒకడు, మన సంగతి తెలీనోడు, ఎండకు తాళలేక మద్దేనం పూట గూట్లో నీడ కోసం ఆ మెట్లు దిగినాడు. వాన్ని వెతుక్కుంటా పోయినోళ్లకు కింది మెట్టు మీద దొరికినాడు. ఎన్నడూ ఎండని బావి ఆ ఒక్క యేడు మాత్రం అడుగు నెర్రెలిచ్చింది, మెట్ల మీద ఒట్టి దుమ్ము. కాపరి కడుపు మాత్రం కడవ మాదిరి ఉబ్బి ఉంది. కదిలిస్తే నోట్లోంచి, ముక్కుల్లోంచి నీళ్లు, మంచినీళ్లు, పోతానే ఉన్నాయంట. మద్దిలేటి ఇప్పుడు ఎవురొచ్చినా విచారించడు. ఏదొస్తే దానికి పోస్తాడు. చాలన్నా ఆపడు, ఎందుకంటే ఎప్పుడు ఆపాలో వానికి ఎవురూ చెప్పలేదు.

ఇంక లేయండి, కరెంటొచ్చేట్టు లేదు. ఏ వేళ మంచిదని మళ్లా నన్ను అడగాకండి. గూళ్లబావి పక్కకు మాత్రం మద్దేనం పూట పోగాకండి. దూపయితే ఇంటికొచ్చి తాగండి.